చిప్పగడ్డి చుట్టాలు

"పక్కింటావిడ గడ్డికి దుప్పటి కప్పుతోందే!"

వంటింటి కిటికీ దగ్గర నిలబడి అమ్మ కేకేసింది. నేను డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాను. జూన్ నెల, భూమికి దక్షిణాన ఉన్న ఈ దేశంలో చలికాలం. మేముండే పాపకూరలో ఆ రోజుల్లో సాయంత్రం అయిదు దాటితే చీకటి పడుతుంది. ఆకాశంలో మబ్బు లేకపోతే తెల్లారేసరికి లాన్ అంతా ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది.

వెళ్ళి చూశాను. చెక్క కంచెకి అవతల ఫిజీ ఆంటీ ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, నడుమెత్తు పెరిగిన గడ్డి దుబ్బు చుట్టూ పాత దుప్పటి చుడుతోంది. గాలికి ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు పెడుతోంది.

"అది లెమన్‌గ్రాసమ్మా. ఈ చలికి చచ్చిపోతుంది. ఏటా ఇలాగే కప్పుతుంది."

"మన నిమ్మగడ్డేనా? ఆవిడ తెలుగువాళ్ళా?"

"ఫిజీ వాళ్ళు. తాతముత్తాతలు తెలుగువాళ్ళని ఒకసారెప్పుడో చెప్పింది. మాట్లాడేదంతా హిందీ, ఇంగ్లీషే."

నాకు అంతకు మించి తెలియదు. ఆంటీ భర్త పోయి కొన్నేళ్ళయిందనీ, కొడుకు కుటుంబం హాబ్సన్‌విల్‌లో ఉంటుందనీ, ఆదివారాలు వచ్చి వెళ్తారనీ మాత్రం తెలుసు. చెత్త డబ్బాలు రోడ్డు మీద పెట్టే రోజు కనిపిస్తే చెయ్యి ఊపుకునేవాళ్ళం. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ అంతకన్నా దగ్గర కాకపోవడం ఇక్కడ పెద్ద విశేషమేమీ కాదు.

అమ్మ ఒంగోలు సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఎండాకాలం భరించలేకపోతున్నానంటే, మా దగ్గర నాలుగు నెలలు ఉండి వెళ్ళమని పిలిపించుకున్నాం. ఎండ తప్పించుకుందిగానీ చలిలోకి వచ్చి పడింది. నేనూ నర్సునే, ఇక్కడ ముసలివాళ్ళు ఉండే ఒక రెస్ట్ హోమ్‌లో. నేనూ మా ఆయనా పొద్దున్నే డ్యూటీలకి, అమ్మాయి స్కూలుకి వెళ్ళిపోతే, అమ్మ గది వేడిచేసే హీట్‌పంప్ ముందు కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూసేది.

"మనుషులేరే ఇక్కడ? కార్లకి కాళ్ళొచ్చి తిరుగుతున్నట్టుంది," అనేది.

వచ్చిన రోజే అమ్మకి మనసు కష్టపెట్టే పని ఒకటి జరిగింది. తను తెచ్చిన సామానులో ఎయిర్‌పోర్టు దాటనిది ఒక్కటే: వట్టివేళ్ల కట్ట. మొక్కల సరుకు ఉందని తనే చెప్పింది. అక్కడి ఆఫీసరమ్మాయి కట్ట విప్పి చూసి, వేళ్ల మధ్య మట్టి ఉంది కాబట్టి లోపలికి పంపలేమని మర్యాదగానే చెప్పిందట.

"ముక్కు దగ్గర పెట్టుకుని 'బ్యూటిఫుల్' అంది. బ్యూటిఫుల్ అంటూనే డబ్బాలో పడేసిందే!"

"ఈ చలి దేశంలో నీకు వట్టివేళ్లెందుకమ్మా? మంచినీళ్ళు ఇంకా చల్లబరుచుకోవడానికా?"

"బీరువాలో బట్టల మధ్య పెట్టుకోడానికి. ఆ వాసన లేకపోతే బట్టలు నావిలా ఉండవు," అంది అమ్మ. ఆ మాట తరవాత చాలా రోజులు ఆ సంగతి ఎత్తలేదు.

దుప్పటి సంగతి జరిగిన వారానికి కాబోలు, నేను మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఫోను సోఫా మీదే ఉంది. పడగ్గదులు, బాత్‌రూమ్, గరాజ్ అన్నీ చూశాను. రోడ్డు మలుపులో, ఇక్కడ డైరీ అనే చిల్లర కొట్టుదాకా పరిగెత్తాను. కొట్టతను ముసలావిడెవరూ రాలేదన్నాడు. తిరిగి వచ్చేదారిలో ప్రతి గేటులోకీ తొంగి చూశాను. రోజంతా రెస్ట్ హోమ్‌లో దారితప్పే పెద్దవాళ్ళని చూస్తుంటాను కదా, ఆలోచనలన్నీ అటే పోయాయి.

మా గేటు దగ్గరికి వచ్చేసరికి కంచె అవతలినుంచి నవ్వు వినిపించింది. అమ్మ నవ్వు. ఇక్కడికి వచ్చాక అమ్మ అలా నవ్వడం నేను వినలేదు.

ఆంటీ లాంజ్‌లో ఇద్దరూ కూర్చుని టీ తాగుతున్నారు. అమ్మ నన్ను చూసి, "రా, రా. గాలికి దుప్పటి ఎగిరి మన పెరట్లో పడింది. ఇద్దామని వచ్చా," అంది, ఏమీ జరగనట్టు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆంటీ నా మొహం చూసి, ఏమీ అడక్కుండా ఇంకో కప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది.

పాలు లేని టీ. పసుపుపచ్చగా ఉంది. వేడి ఆవిరిలో నిమ్మతొక్క వాసన, దాని వెనకే అల్లం. రెండు గుక్కలు తాగాక కోపం తగ్గింది.

"ఈ గడ్డికి మీ భాషలో ఏమంటారు ఆంటీ?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఏ భాష?" అని నవ్వింది ఆంటీ. "అసలు ఫిజీ వాళ్ళు తొంబోయ్ అంటారు. బజార్లో మేము హరీ చాయ్ అంటాం. ఇక్కడ కొట్లో లెమన్‌గ్రాస్. మా అవ్వ మాత్రం వేరే అనేది. చిప్పగడ్డి."

అమ్మ కప్పు కింద పెట్టేసింది. "ఏమన్నావ్?"

"చిప్పగడ్డి. తప్పా అక్కా?"

"తప్పు కాదు తల్లీ. మా అమ్మమ్మ అనేది ఆ మాట. నా చిన్నప్పుడు జ్వరమొస్తే చిప్పగడ్డి కాచి ఇచ్చేది. మా అమ్మ తరానికే నిమ్మగడ్డి అయిపోయింది. నేను మర్చేపోయాను."

నేను ఆ మాట ఎన్నడూ వినలేదు. తెలుగుదేశంలో పుట్టి, తెలుగులో చదువుకున్న నాకు తెలియని మాట, చెరుకు తోటల్లోకి కూలికి వెళ్ళినవాళ్ళ నోట సముద్రం దాటి, ఫిజీలో రెండు మూడు తరాలు ఉండి, పాపకూరలో మా పక్కింటికి వచ్చి కూర్చుంది. చిప్ప అని ఎందుకన్నారో ఆంటీకి తెలియదు. కొబ్బరిచిప్పలో పోసుకుని తాగేవాళ్ళు కాబట్టేమో అంది. అమ్మ ఆకు మొదలు వలిచి, చిప్పలా విచ్చుకుంటుంది చూడు, అందుకే అంది. ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

ఆంటీకి తెలిసిన తెలుగు తక్కువే. అక్క, అవ్వ, బువ్వ, చీమ, ఏరు, ఉప్పు, కొన్ని తిట్లు, ఒక జోలపాట మొదటి రెండు ముక్కలు. అవ్వ పోయాక ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్ళు లేకపోయారు. అయినా అమ్మతో కూర్చుంటే ఎక్కడెక్కడినుంచో ఇంకొన్ని మాటలు లేచి వచ్చేవి. మధ్యలో హిందీ, ఇంగ్లీషు కలుపుకునేది. ఆమె మాటలు నేనిక్కడ చాలావరకు తెలుగు చేసే రాస్తున్నాను. అమ్మకి హిందీ రాదు. ఆస్పత్రి ఇంగ్లీషు వచ్చు. ఎలా అర్థం చేసుకునేవాళ్ళో తెలియదుగానీ, మా అమ్మాయి మాత్రం, "దే జస్ట్ టాక్, మమ్మీ. ఎవరూ ఎవర్నీ వినట్లేదు," అనేది.

ఆ రోజు నుంచి అమ్మ పొద్దున పది గంటలకి కంచె పక్క గేటు తీసుకుని వెళ్ళిపోయేది. మొదట్లో ఒక చిన్న ఇబ్బంది ఉండేది. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, ఆంటీ ఇంట్లో పూజ. ఒకరోజు ఆంటీ ప్రసాదం ప్లేటు తెచ్చి, అమ్మ ముందు పెట్టబోయి ఆగిపోయింది. అమ్మా ఆగిపోయింది. చివరికి ఆంటీయే, "అక్కా, దేవుడిది దేవుడికి పెట్టేసినా. ఇది వేరే గిన్నెది. పూజకంటే ముందే తీసిపెట్టినా, నీకోసం," అని ఇంకో ప్లేటు తెచ్చింది. అమ్మ తిన్నది. తరవాత క్రిస్మస్ కేకు సంగతి వస్తే ఆంటీ గుడ్డు లేనిదైతే తింటానంది. ఇక ఆ విషయం ఇద్దరికీ మళ్ళీ అడ్డం రాలేదు.

అమ్మకి మా పెరట్లో కూడా ఒక దుబ్బు కావాలనిపించింది. చలికాలంలో విడదీస్తే తన దుబ్బు చచ్చిపోతుందని ఆంటీ వసంతందాకా ఆగమంది. అమ్మకి ఆగడం చేతకాదు. నర్సరీలో లెమన్‌గ్రాస్ అని చీటీ కట్టిన కుండీ ఒకటి కనిపిస్తే కొనుక్కొచ్చి లాంజ్ కిటికీలో పెట్టాను. అమ్మ రోజూ దాని ఆకులు తుడిచేది. ఆ శనివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. అందరికీ నిమ్మగడ్డి టీ ఇస్తానని అమ్మ పెద్ద గిన్నెలో సగం ఆకులు కోసి కాచింది.

పాస్టరుగారు ఒక గుక్క తాగి, కప్పు సాసర్లో పెట్టి, కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేస్తున్నారనుకుని మేమందరం తల వంచాం. ఎంతసేపటికీ మాట రాలేదు. చివరికి ఒక అంకుల్ మెల్లగా, "సిస్టర్, ఏమనుకోకండి, ఇందులో ఫినాయిల్‌గానీ పడిందా?" అన్నారు. కుర్చీ చివర కూర్చున్న మా అమ్మాయి నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.

మర్నాడు కుండీ పట్టుకుని ఆంటీ దగ్గరికి వెళ్ళాం. ఆంటీ ఆకు తుంచి వాసన కూడా చూడలేదు. దుబ్బు మొదట్లో వేలు పెట్టి చూపించింది.

"చూడు బేటీ, కాలు ఎర్రగా ఉంది. మంచి దాని కాలు తెల్లగా, కొంచెం ఆకుపచ్చగా ఉంటది. ఇది తాగేది కాదు. దోమలది."

సిట్రొనెల్లా. దోమల కొవ్వొత్తుల్లో, ఒంటికి రాసుకునే నూనెల్లో వేసేది. నిమ్మగడ్డికి సొంత చెల్లెలే. అదే ఆకు, అదే రూపు, వాసన కూడా దూరంనుంచి అదే. దాన్ని ఇంటి వెనక చెక్క వసారా, డెక్ మీద పెట్టుకోమంది ఆంటీ. వేసవి సాయంత్రాలు బయట కూర్చున్నప్పుడు పనికొస్తుందంది. తాగినందుకు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తరవాత కొన్ని వారాలపాటు చర్చిలో మమ్మల్ని చూసినవాళ్ళందరూ, "టీ ఏమైనా ఉందా సిస్టర్?" అని అడిగి నవ్వేవాళ్ళు.

నాకప్పటినుంచి ఈ పేర్ల మీద చూపు పడింది. ఇక్కడ దేనికి నిమ్మ వాసన వస్తే దానికి లెమన్ అని తగిలించేస్తారు. రెస్ట్ హోమ్ తోటలో ఒక చెట్టుంది, లెమన్‌వుడ్ అంటారు. నాతో పనిచేసే మావోరీ ఆమె, ఈ నేల మొదటివాళ్ళ భాషలో, దాన్ని తరాటా అంటుంది. ఆకు నలిపి ముక్కు దగ్గర పెడితే నిమ్మకాయే. పుదీనాలాంటి మొక్క ఒకటి లెమన్ బామ్. ఇవేవీ నిమ్మగడ్డికి చుట్టాలు కావు. నిమ్మగడ్డి కూడా నిమ్మకి ఏమీ కాదు. గడ్డి జాతి అది. చెరుకూ జొన్నా దానికి దూరపు బంధువులు. పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం ఉండదు. పేరు కలవని అసలు చుట్టం ఒకటి ఉందని నాకు ఆగస్టులో తెలిసింది.

ఆ రోజు ఎండ బాగా కాసింది. ఆంటీ ఇంటి డెక్ మీద ముగ్గురం కూర్చున్నాం. నాకు సెలవు. అమ్మ వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. సూట్‌కేసుల మాట వచ్చి, ఎయిర్‌పోర్టులో పోయిన వట్టివేళ్ల మాట వచ్చింది.

"వట్టివేరు అంటే?" అంది ఆంటీ. "వేరు తెలుసు. రూట్. వట్టి అంటే?"

"వట్టి అంటే ఉత్త. ఉత్త వేరు," అంది అమ్మ.

"జస్ట్ రూట్? ఉత్త వేరు ఎందుకు మోసుకొచ్చినావ్ అక్కా?"

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మంచినీళ్ళ కుండలో వేస్తే నీళ్ళు ఎలా ఉంటాయో, స్నానానికి, తలనూనెకి ఎలా వాడతారో చెప్పింది. తను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పాత ఆస్పత్రిలో ఫ్యాన్లు సరిగా లేని వార్డులుండేవి. వేసవిలో గుమ్మాలకి, కిటికీలకి వట్టివేళ్ల తడికెలు కట్టేవాళ్ళు. గంట గంటకీ వాటి మీద నీళ్ళు చల్లించడం కొత్త నర్సుల పని.

"బయట నిప్పులు కురుస్తుండేవి. లోపలికొచ్చే గాలి మాత్రం తొలకరి వాన పడ్డ మట్టిలా ఉండేది. నొప్పులు పడే ఆడవాళ్ళు తడికె పక్క మంచం కావాలని అడిగేవాళ్ళు." నా వైపు తిరిగింది. "నువ్వు పుట్టింది కూడా ఆ తడికె పక్కనే. నా వార్డులో నేనే పేషెంటుని."

ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఎప్పుడూ అడగలేదు కాబట్టి చెప్పలేదంది.

ఆంటీకి అది ఎలాంటి మొక్కో చూడాలనిపించింది. అమ్మకీ తెలియదు. జీవితమంతా వేళ్లే కొన్నది, పైన మొక్క ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు. నేను ఫోనులో వెతికి ఫొటో తీసి ఆంటీకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఫొటో పెద్దది చేసింది. మళ్ళీ చూసింది.

"అరే!" అంది. "ఇది మా లైన్ గడ్డి! మా ఖేత్‌లోది! ఇది నేను నాటినా, ఈ చేతుల్తో!"

వాళ్ళ చెరుకు పొలం ఫిజీలో లంబాసా దగ్గర కొండవాలు మీద ఉండేదట. గట్టి వాన పడితే మట్టంతా కిందికి జారిపోయేది. అందుకని వాలుకి అడ్డంగా వరసలు వరసలుగా ఈ గడ్డి నాటేవాళ్ళు. కోడలిగా అడుగుపెట్టిన మొదటి వానాకాలం మామగారూ భర్తా గుంటలు తవ్వుతుంటే తను పిలకలు పెడుతూ పోయింది. తుఫానొచ్చి చెరుకు పడిపోయినా ఆ వరసలు కదిలేవి కావట.

"ఒక్కోసారి దారి కోసం దుబ్బు పీకాలంటే ఎద్దులు కూడా హార్ మాన్ లేతే. ఓడిపోతాయి. వేరు కిందికి, కిందికి, మనిషి కన్నా పొడుగు."

"ఆ వేళ్లేం చేసేవాళ్ళు?" అంది అమ్మ, కుర్చీ అంచుకి జరిగి.

"ఏం చేస్తాం? పారేస్తాం."

"పారేశారా!" అమ్మ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! పారేశారా!"

"నాకేం తెలుసు అక్కా! ఎవరూ చెప్పలే! పైన ఆకుకి వాసన లేదు. కింద ఉంటదని ఎవరికి తెలుసు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆంటీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అమ్మకి వేరు తెలుసు, ఆకు తెలియదు. ఆంటీకి ఆకు తెలుసు, వేరు తెలియదు. నేను ఫోనులో ఇంకొంచెం చదివి, వట్టివేరూ చిప్పగడ్డీ దగ్గరి చుట్టాలేనని చెప్పాను. వాళ్ళిద్దరూ దానికేమీ ఆశ్చర్యపోలేదు. అప్పుడు గుర్తొచ్చినట్టు అమ్మ, తన చిన్నప్పుడు మిట్ట ఊళ్ళలో ఇళ్ళ మీద కప్పే బోదగడ్డికి కూడా కోసిన కొత్తలో ఇలాంటి మంచి వాసనే ఉండేదంది. అదీ వీటి బంధువే అయ్యుండాలంది.

నవ్వు తగ్గాక ఆంటీ మాట మారింది. పొలం వాళ్ళది కాదు, లీజు. లీజు ముగిసినప్పుడు భూమిగలవాళ్ళు, అసలు ఫిజీవాళ్ళు, మళ్ళీ ఇవ్వలేదు. "వాళ్ళ భూమి, వాళ్ళిష్టం. గొడవ ఏం లేదు. పోయేటప్పుడు మాకు భోజనం పెట్టినారు," అంది. కానీ ఇల్లు విప్పుకుని, ఎద్దులు అమ్ముకుని వచ్చేశాక ఆమె మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. భర్త బతికున్నంతకాలం ఒకసారి వెళ్ళొద్దామని అడిగేవాడు. ఆమె ఒప్పుకునేది కాదు.

"ఏం చూడాలి అక్కా? అంత కష్టం చేసినాం. ఇప్పుడు చెరుకు లేదు, ఇల్లు లేదు. అడవి అయి ఉంటది."

"అడవైతే అడవినే చూసిరా," అంది అమ్మ. "ఒక్క వేరు తవ్వి వాసన చూడు. నా మాట నిజమో కాదో తెలుసుకో."

ఆంటీ లేచింది. లోపలికి వెళ్ళి టీ కాచుకొచ్చింది.

సెప్టెంబరులో అమ్మ వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు ఆంటీ తన దుబ్బు విడదీసి, తెల్లకాలు పిలకలు మా పెరట్లో నాటించింది. అమ్మ, ఆంటీ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆంటీకి వీడియో కాల్ చెయ్యడం అమ్మే నేర్పింది, వీడియో కాల్లోనే. ప్రతిసారీ అమ్మ ఆఖర్న అడిగే మాట ఒకటే: "వేరు తవ్వావా చెల్లెమ్మా?" ఆంటీ నవ్వి ఫోను పెట్టేసేది.

మరుసటి ఏడాది జూలైలో లంబాసాలో ఆంటీ మేనల్లుడి కూతురి పెళ్ళి వచ్చింది. కొడుకు వెళ్ళమన్నాడు, తను వెళ్ళనంది. మళ్ళీ ఏమనుకుందో, ఒకరోజు కంచె దగ్గర నన్ను పిలిచి, "బేటీ, టికెట్ తీసినా. అక్కకి చెప్పొద్దు. అక్కడికి పోయినాక నాకు మనసు ఒప్పకపోతే సిగ్గు," అంది.

నేను చెప్పలేదు.

పెళ్ళయిన రెండు మూడు రోజులకి, రెస్ట్ హోమ్ తోటలో నేను లంచ్ తింటుండగా ఫోను మోగింది. తెర మీద ఎండ, ఎండలో ఆంటీ మొహం. టోపీ లేదు, జుట్టు చెదిరి ఉంది. ఆయాసపడుతోంది.

"అక్కని పిలువు! అక్కని కూడా పిలువు!"

అమ్మని కలిపాను. ఒంగోలులో అప్పుడు పొద్దున్నే. అమ్మ చేతిలో కాఫీ గ్లాసు, వెనక, తనుండే మా తమ్ముడి ఇంటి వంటిల్లు. "ఎక్కడున్నావ్ చెల్లెమ్మా? వెనక ఆ కొండేంటి?"

ఆంటీ ఫోను తిప్పి చూపించింది. వాలంతా జామ పొదలు, పిచ్చి తీగలు. ఇల్లున్న చోట సిమెంటు గట్టు ఒక్కటే మిగిలింది. కానీ ఆ పొదల మధ్య, వాలుకి అడ్డంగా, ఒకదాని కింద ఒకటి పచ్చటి వరసలు కనిపిస్తున్నాయి. ప్రతి వరస వెనకా మట్టి నిలిచి కొండ మెట్లు మెట్లుగా తయారైంది. పక్క కొండ జారిపోయి ఎర్రగా గీరుకుపోయి ఉంది. ఈ కొండ నిలబడింది.

"ఉన్నది అక్కా," అంది ఆంటీ. "అన్నీ ఉన్నవి. ఒక్క లైను కూడా పోలే."

ఆమె పక్కన ఇంకొక ఆమె ఉంది. ఆంటీ వయసే, పూల గౌను, చేతిలో చెరుకు నరికే కత్తి. భూమిగలవాళ్ళ కోడలు. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు ఒకే ఏట్లో బట్టలు ఉతుక్కునేవాళ్ళట. ఆమె మా వైపు చెయ్యి ఊపి, "బులా!" అని పలకరించింది. అమ్మ కూడా, "బులా, బులా" అంది, అర్థమైనట్టే.

ఆంటీ, ఆమె కలిసి పొద్దున్నే ఒక దుబ్బు అంచు తవ్వి వేళ్లు తీశారు. ఆంటీ మట్టి వేళ్ల గుప్పెడు తెర ముందు పెట్టింది.

"కానీ అక్కా, వాసన రాలే. మట్టి వాసన అంతే. నీ మాట అబద్ధం."

"పచ్చివి మట్టివాసనే వస్తాయి. కడిగావా?"

"ఏట్లో కడిగినా."

"ఎండబెట్టు. బాగా ఎండనియ్. తరవాత నీళ్ళు చల్లి అప్పుడు చూడు. తొందరపడకు," అంది అమ్మ, వార్డులో కొత్త నర్సుకి చెప్పినట్టు.

ఫోను పెట్టేశారు. నేను డ్యూటీకి వెళ్ళిపోయాను. రెండు రోజుల తరవాత సాయంత్రం బస్సులో ఇంటికి వస్తుంటే ఆంటీ పంపిన వీడియో ఒకటి వచ్చింది. రేకు మీద ఎండిన వేళ్లు. ఎవరో చేత్తో నీళ్ళు చల్లారు. ఆంటీ వంగింది. వంగి అలాగే ఉండిపోయింది. పక్కామె కూడా వంగింది. చాలాసేపు ఇద్దరి నడుములూ, రెండు తలల వెనక జుట్టు ముడులూ తప్ప ఏమీ కనిపించలేదు. తరవాత ఆంటీ తల ఎత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి. కెమెరా వైపు చూసి చెయ్యి ఊపింది. వీడియో అక్కడితో ఆగిపోయింది.

అమ్మ దాన్ని ఎన్నిసార్లు చూసిందో. నాకు ఒక్క మాట మెసేజ్ పెట్టింది: "వచ్చింది."

వారం తరవాత ఆంటీని ఎయిర్‌పోర్టులో ఎక్కించుకున్నాను. కొడుకుకి ఆ రోజు డ్యూటీ. ఆంటీ చేతుల మీద గడ్డి కోసిన గీతలు ఎండి ఉన్నాయి. వేళ్లు తేలేదు. ఇక్కడి రూల్ ఆమెకి తెలుసు, తెచ్చే ఆలోచన కూడా లేదంది. తవ్విన వేళ్లన్నీ ఆ స్నేహితురాలికే ఇచ్చిందట.

"ఆమె అడిగింది నన్ను. ఇంతకాలం పక్కపక్కన ఉన్నాం, ఈ వాసన సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు అని. నాకే తెలీదు కదా, ఇప్పుడే మా అక్క చెప్పింది అన్నా. ఇప్పుడు ఆమె పెట్టెలో చాపల మధ్య పెట్టుకుంది."

"అక్కడ మళ్ళీ వ్యవసాయం చేస్తారా?"

"వాళ్ళ పిల్లలు కసావా దుంపలు వేస్తారంట. ఆ మెట్ల మీదనే. లైను పీకొద్దు అని చెప్పినా. ఎందుకు పీకుతాం, మీరు పెట్టింది బాగుంది కదా అన్నది." కిటికీ వైపు తిరిగింది. "ఆయన అడిగినప్పుడు పోవాల్సింది బేటీ. ఆయన కూడా చూసేవాడు. కానీ పోయినా కదా. చూసినా కదా."

మోటార్‌వే ఎక్కి కొంతదూరం వచ్చేసరికి ఆంటీ తల సీటుకి ఆనించి నిద్రపోయింది. బాగా అలిసిపోయి ఉంది, నోరు కొంచెం తెరుచుకుంది. కారు స్పీకర్లో ఫోను మోగింది. అమ్మ.

"చెల్లెమ్మ దిగిందా?"

"దిగిందమ్మా. పక్కనే ఉంది. నిద్రపోతోంది."

"లేపకు," అంది అమ్మ. "రేపు మాట్లాడతాలే."